రుచి ననుసరించిన భాషాబోధనము

భాషను నేర్పువాఁడు గ్రంథమును ముందు నిలిపి శిష్యుని దానికిఁ దగినట్లు దిద్దవలయునా, లేక శిష్యుని ముందు నిలిపి యతనికిఁ దగిన గ్రంథమును వెదకవలయునా యనునది పాతప్రశ్నమే. నల్లగొండ, పాలమూరు సీమలలో ముప్పది యేండ్లకుఁ బైగా సంస్కృతమును జెప్పుచున్న నేను తొలి పదియేండ్లు మొదటి పక్షమును, తరువాత రెండవపక్షమును అవలంబించితిని. పక్షమును మార్చుకొనుటకు శాస్త్రవిచారము కారణము గాదు. ఒక శిష్యునిఁ గోలుపోవుట కారణము. ఆ కథను దగినచోటఁ జెప్పెదను.

ఈ వ్యాసమును వ్రాయుటకు నిమిత్తము వేఱొకటి గలదు. నాకడఁ గొన్నియేండ్లు కావ్యపాఠము చదివిన యొక విద్యార్థిని హైదరాబాదునందలి ఆంగ్ల విదేశీభాషా విశ్వవిద్యాలయమున స్పానిషుభాష నభ్యసించినది. ఆ సంస్థ 1958లో ఆంగ్లభాషకు మాత్రమే యేర్పడి, 1972లో విదేశీభాషలనుగూడఁ దన పేరఁ జేర్చుకొని, 2007లో కేంద్రీయవిశ్వవిద్యాలయ మయ్యెను. ఆ విద్యార్థిని యిప్పుడు స్పానిషు నేర్వఁగోరినవారికి, ఒక్కొక్కరికి వేఱువేఱుగాఁ బాఠము చెప్పుచున్నది. ఒకనాఁడు నన్నుఁ జూడవచ్చి, "గురువుగారూ! అందఱకు నొకే వాచకమును జెప్పుట మానితిని. వంటయం దాసక్తి గలవారిచేత వంటవిధానములను, బంతియాట ప్రియమైనవారిచేత నాటలవార్తలను, కథలు కోరువారిచేతఁ గథలను జదివించుచున్నాను. ఇది క్రమము లేని చదువని కొందఱు నిందించుచున్నారు. మన శాస్త్రములందు దీనికిఁ బ్రమాణ మేమైనఁ గలదా?" యని యడిగినది. నాఁడు చెప్పిన సమాధానము కొంత. తరువాతఁ దోఁచినది మఱికొంత. ఆ రెంటిని గలిపి పండితులయెదుట నుంచుచున్నాను.

స్పానిషుభాషయు మనవారును

నాకు స్పానిషు రాదు. ఆమె నోట విన్నదియు, ఆమె పుస్తకములఁ జూపఁగా గ్రహించినదియు మాత్రమే యిచటఁ జెప్పుదును. స్పానిషు లాటినుభాషనుండి పుట్టినది. ఇరువది స్వతంత్రదేశములలో వ్యవహారభాషగా నున్నది. వానిలోఁ బెక్కులు దక్షిణ, మధ్య అమెరికాఖండములలోనివి. మాతృభాషగాఁ గలవారి సంఖ్య 45 కోట్లకు మించును. లాటినుద్వారమున నది సంస్కృతమునకు దూరపుబంధువు. సంస్కృతము చదివినవారి కీబంధుత్వము సంఖ్యావాచకములలోనే కానవచ్చును: ద్వి యనుచోట 'దోస్', త్రి యనుచోట 'త్రేస్', సప్త యనుచోట 'సియేతే', అష్ట యనుచోట 'ఓచో', నవ యనుచోట 'నుయేవే', దశ యనుచోట 'దియేస్'. మాతృశబ్దమునకు 'మాద్రే', దంతశబ్దమునకు 'దియెంతే'. తెలుఁగు వేఱుకుటుంబపుభాష గావున నిట్టిబంధుత్వము దానికి లేదు. అయినను వాక్యనిర్మాణమునఁ గొన్ని సామ్యములు గలవు.

క్రియారూపమే పురుషవచనములను దెలుపును గావున స్పానిషునఁ గర్తను జెప్పకయే వాక్యమును ముగింపవచ్చును. 'ఆబ్లో' యనఁగా మాటాడుదును, 'ఆబ్లాస్' అనఁగా మాటాడుదువు. ఆంగ్లమున నట్లు చెల్లదు. తెలుఁగున 'వచ్చితిని' యని యూరకొనుట మనకు సహజము. ఇంతకంటెను రమ్యమైన సామ్యము మఱియొకటి గలదు. 'నాకుఁ గాఫీ నచ్చును' అనుటకు స్పానిషువారు 'మే గుస్తా ఎల్ కఫే' యందురు. ఇందు నచ్చుక్రియకుఁ గర్త కాఫీ. 'మే' యనునది 'నాకు' అనుట. ఆంగ్లమును మధ్య నుంచుకొని స్పానిషు నేర్చువాఁ డిచటఁ దడఁబడును. ఏలయన నాంగ్లమున నచ్చుటకుఁ గర్త తానే. తెలుఁగుబిడ్డకుఁ దెలుఁగుమీఁదుగాఁ జెప్పినచోఁ దడఁబాటు లేదు. సంస్కృతమునను 'మహ్యం రోచతే' యనియే ప్రయోగము. రుచ్యర్థకధాతువుల ప్రయోగమునఁ బ్రీతి నొందువాఁడు సంప్రదానకారక మగునని పాణిని ప్రథమాధ్యాయ చతుర్థపాదమున, 33వ సూత్రమున విధించెను. ఆ సంప్రదానమునకుఁ జతుర్థీవిభక్తి వచ్చును.

ఈసూత్రమును నేను వందలసారులు పాఠము చెప్పితిని. దానిలో నధ్యాపకునకుఁ గూడ నొక బోధ యిమిడియున్నదని యామె ప్రశ్నించువఱకుఁ దోఁపలేదు. రుచి యెవనిదో వాఁడే సంప్రదానము, అనఁగా దానమును బొందవలసినవాఁడు. విద్యాదానమునందును నింతే.

అధికారివిచారము

మన శాస్త్రకారులు గ్రంథారంభమున నాలుగనుబంధములను జెప్పుదురు: విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి. ఈ గ్రంథ మెవనికొఱకో నిర్ణయింపనిదే గ్రంథము ప్రవర్తింపరాదని తాత్పర్యము. అధికారినిర్ణయమన్న మాటను మనము చాలకాలము 'ఎవఁడు చదువరాదు' అను నర్థముననే వాడుకొంటిమి. 'వీఁడేమి చదివినచో నిది వీనికి నిలుచును' అను నర్థమునఁ గూడ దానిని వాడవచ్చును, వాడవలసినదియు నట్లే.

పతంజలి మహాభాష్యమున మొదటి యాహ్నికమునందే వ్యాకరణాధ్యయనమునకు రక్ష, ఊహ, ఆగమము, లాఘవము, అసందేహము నను నైదు ప్రయోజనములను జెప్పెను. విద్య యారంభింపకమున్నే శిష్యునకు 'ఎందులకు' అను ప్రశ్న కలుగునని యామహర్షి యెఱుఁగును. అచటనే బృహస్పతి యింద్రునకు శబ్దముల నొక్కొక్కటిగాఁ జెప్పుచు వేయి దివ్యవర్షములు గడపినను ముగింపలేకపోయిన కథను జెప్పెను. గురువు బృహస్పతి, శిష్యుఁ డింద్రుఁడు. ఏకశిష్యబోధనమున కింతకంటె నుత్తమపాత్రము లుండవు. అయినను బద్ధతి తప్పుటచేత బోధ పండలేదు. పట్టికలను వల్లింపఁజేయుటయే బోధ యనుకొనువారి కీకథ చాలును.

కథాసరిత్సాగరమునఁ జెప్పఁబడిన శాతవాహనరాజు వృత్తాంతమును సుప్రసిద్ధమే. జలక్రీడయందు రాణి 'నీళ్లతోఁ గొట్టవల'దను నర్థమున 'మోదకైః' అని పలుకఁగా, రాజు గుణసంధిని విడఁదీయనేరక మోదకములను, అనఁగా లడ్డుకములను దెప్పించెను. మా, ఉదకైః అను రెండుపదములు గలిసి మోదకైః అయ్యెను. నవ్వులపాలైన రాజునకు నన్నపానములు రుచింపలేదు. గుణాఢ్యుఁడు ఆఱేండ్లలో వ్యాకరణము నేర్పుదుననెను. శర్వవర్మ ఆఱుమాసములలో నేర్పుదునని ప్రతిజ్ఞ చేసి నెగ్గెను. ఆ సందర్భమునఁ బుట్టినదే కాతంత్రవ్యాకరణమని కథ. కథ చరిత్ర యగునా కాదా యనునది వేఱువిషయము. నేనిందు గమనించున దొక్కటి: పాణినీయము సంజ్ఞాపరిభాషలతో నారంభమై సంధికార్యమును దూరమున నుంచును, కాతంత్రమునఁ బ్రథమప్రకరణమే సంధి. రాజెచటఁ దొట్రుపడెనో పాఠ మచటనే మొదలిడినది.

పంచతంత్రమునఁ గూడ నమరశక్తికుమారులు చదువున విముఖులు. వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టునని మంత్రులు చెప్పుచుండఁగా విష్ణుశర్మ జంతుకథలతో నాఱుమాసములలో వారిని నీతిజ్ఞులను జేసెను. కథయం దాసక్తి ముందు, నీతి దాని వెంట. భట్టికావ్యమును నట్టిదే, రామకథ నడచుచుండఁగా వ్యాకరణము దాని భుజముపైఁ గూర్చుండి వచ్చును. మెదకుసీమయందలి కొలిచెలమకుఁ జెందిన మల్లినాథసూరి కావ్యవ్యాఖ్యలలోఁ జేసిన పనియు నిదియే. శ్లోకమున సందేహము గలిగినచోటనే సూత్రము నుదాహరించును. అవసరము లేనిచోట నొక్కమాటయు వ్రాయఁడు. పఠనము ముందు నడువ వ్యాకరణము దాని ననుసరించుట మన సంప్రదాయమునకుఁ గొత్త గాదు.

నా యపరాధము

ఇఁక మున్ను చెప్పెదనన్న కథ. నల్లగొండకు సమీపగ్రామమునుండి యొక సేద్యగాని కుమారుఁడు పదునైదేండ్లవాఁడు సంస్కృతము చదువవలయునని నాకడకు వచ్చెను. ఎవ్వరును బలవంతపెట్టలేదు, తానై వచ్చెను. శబ్దమంజరితో నారంభించితిని. రామశబ్దము, హరిశబ్దము, గురుశబ్దము క్రమముగా వల్లించుచుండెను. ఒకనాఁడు, "అయ్యగారూ! ఆముదపుచెట్టుకు సంస్కృతమున నేమందురు?" అని యడిగెను. వాని తండ్రి చేనినిండ నాముదమే. "హలంతములు ముగియనిమ్ము, తరువాతఁ జెప్పెదను" అంటిని. మఱికొన్ని దినములకు మఱియొకచెట్టు పేరడిగెను. అదే యుత్తర మిచ్చితిని. మూఁడవమాసమున రాక మానెను. కొన్నియేండ్లకు వాని తండ్రి సంతలోఁ గనఁబడి, "మావాఁడు మొద్దు. మీకు శ్రమ యిచ్చినాఁడు" అని చేతులు జోడించెను.

నాఁటిరాత్రి యమరకోశమును దీసి వనౌషధివర్గమును జూచితిని. ఏరండ మనియు, గంధర్వహస్తక మనియు, వ్యాఘ్రపుచ్ఛ మనియు, పంచాంగుల మనియు నాముదమునకుఁ బేళ్లు వరుసగా నున్నవి. ఆశ్లోకములను నేను బాల్యముననే కంఠస్థము చేసితిని. ఆబాలుఁ డడిగిననాఁడు సమాధానము నా నాలుకమీఁదనే యున్నది. నేను జెప్పలేదు. మొద్దు వాఁడు గాఁడు.

ఆ పేళ్లలో నెంత వ్యాకరణ మున్నదో చూడుఁడు. ఆముదపుటాకు చేతివలె విచ్చుకొనును. గంధర్వుని హస్తమువంటి యాకు గలది గావున గంధర్వహస్తకము. ఐదువ్రేళ్లవంటి చీలికలు గలది గావునఁ బంచాంగులము. పులితోఁకను బోలినది గావున వ్యాఘ్రపుచ్ఛము. అన్యపదార్థము ప్రధానమైన సమాసము బహువ్రీహి యని మూఁడుదినములు వివరించుటకంటె నొక యాకును జేతి కిచ్చి, "దీనిలో వ్రేళ్లున్నవా? చెట్టే వ్రేళ్లు గాదు గదా? వ్రేళ్లవంటివి గలది గదా?" యని యడిగిన నొకక్షణమునఁ దెలియును. ఆ తరువాత వచ్చిన సేద్యగాండ్ర బిడ్డలకు నట్లే చెప్పితిని.

మూఁడు పాఠములు

ఈపద్ధతిలో నడచిన కొన్ని పాఠములను జెప్పినఁ గాని విషయము స్ఫుటపడదు.

మొదటిది చేనిపాఠము. అమరకోశ వైశ్యవర్గమున నేయే ధాన్యము పండు నేల కాయా పేరు గలదు. పెసరచేను మౌద్గీనము, వరిమడి వ్రైహేయము లేక శాలేయము, నువ్వులచేను తిల్యము లేక తైలీనము, మినుపచేను మాష్యము లేక మాషీణము. ఇవి పాణినీయ పంచమాధ్యాయ ద్వితీయపాదారంభమున నున్న సూత్రముల ఫలములు. ఒక శిష్యుఁడు వీనిని దన యూరి చేలకుఁ బెట్టుకొని వల్లించి, "తైలీనమునఁ దొలియచ్చు మాఱినది, తిల్యమున మాఱలేదు, ఏల?" యని తానే యడిగెను. ఖఞ్ ప్రత్యయమున ఞకార మిత్తు గావున నాదివృద్ధి. యత్ ప్రత్యయమున నట్టి యిత్తు లేదు గావున వృద్ధి లేదు. ఇత్సంజ్ఞ యేల యని విసుగుకొను విద్యార్థులను బెక్కండ్రఁ జూచితిని. అది కావలయునని యడిగినవాఁ డతఁడొక్కఁడే, కారణము నువ్వులచేను.

రెండవది మగ్గపుపాఠము. పుట్టపాక, పోచంపల్లి ప్రాంతములలో నూలును ముడులు గట్టి రంగులలో ముంచి, పిదప నేయుదురు. అట్టి నేఁతపని యెఱిఁగిన యొక నడివయస్సువాఁడు నాకడకుఁ దెల్లవాఱి వచ్చుచుండెను. అతనికి నన్నంభట్టు తర్కసంగ్రహము నిచ్చితిని. తెలుఁగుసీమవాఁడైన యన్నంభట్టు కారణము మూఁడువిధములని చెప్పుచు గుడ్డనే యుదాహరించును: దారములు సమవాయికారణము, దారముల సంయోగ మసమవాయికారణము, తురీవేమాదులు నిమిత్తకారణము. ముప్పదియేండ్లు తురీవేమలని వల్లించిన నేను మగ్గమును దగ్గఱనుండి చూచినవాఁడను గాను. అతఁడు నన్నుఁ దన యింటికిఁ గొనిపోయి పడుగును, పేకను, నాడెను జూపించెను. దారపు రూపము గుడ్డ రూపమునకుఁ గారణమను వాక్యము వచ్చినపుడు, "మా పని యదియే గదా" యని నవ్వెను. ఆతని చేతిలో దారమునందున్న రంగే గుడ్డయందుఁ బువ్వగుచున్నది. పిమ్మట, "అద్దకపుగుడ్డ సంగతి యేమి? దారము తెలుపు, గుడ్డ యెఱుపు" అని యడిగెను. ఆ యెఱుపు గుడ్డది గాదు, గుడ్డ నంటిన వర్ణద్రవ్యమునదని సమాధానము చెప్పితిని. సమాధాన మతనికి సగమే నచ్చినది. నాకును నాఁటినుండి సగమే నచ్చుచున్నది. పాఠము గురువునకుఁ గూడ జరిగినదనుటకు నింతకంటె గుఱుతు వేఱొకటి యుండదు.

మూఁడవది శాసనపాఠము. లెక్కలు వ్రాసి యుద్యోగవిరమణ చేసిన యొక వృద్ధునకుఁ గావ్యములందు రుచి లేదు. పానుగంటి దేవాలయముల శాసనములపై మిక్కిలి మక్కువ. నల్లగొండ ప్రక్కనే యున్న పానుగల్లు కందూరి చోడులకు రాజధాని. అచట ఛాయాసోమేశ్వర, పచ్చలసోమేశ్వరాలయము లున్నవి. ఆయనకు భూతసంఖ్యలతో సంస్కృతమును మొదలుపెట్టితిని. చంద్రుఁ డొకటి, నేత్రములు రెండు, అగ్నులు మూఁడు, వేదములు నాలుగు, బాణములు ఐదు, రుద్రులు పదునొకండుగురు. అంకెలు కుడినుండి యెడమకు నడచును. శకవర్షమును 'వేదాగ్నిరుద్ర' యని చెప్పినచో 1134 అగును. 78 కలుపఁగాఁ గ్రీస్తుశకము 1212. అది కాకతి గణపతిదేవుని కాలము. ఒక్కొక్క సంఖ్యకుఁ బర్యాయపదములు పదేసి. లెక్క సరిపోవుటకై యాయన యాపర్యాయములన్నింటిని దానే నేర్చెను. కోశపఠన మనఁగా భయపడిన మనిషికిఁ గోశము తెలియకయే వచ్చినది.

వంటయందు నేర్పరియైన యొక యిల్లాలికిఁ గల్యాణిచాళుక్యుఁడైన మూఁడవ సోమేశ్వరుఁడు 1129 ప్రాంతమున రచించిన మానసోల్లాసమునందలి యన్నభోగప్రకరణమును జదివించితిని. వటకా, దోసకా, పూరికా మొదలగు పేళ్లను జూచి యామె పొందిన సంతోషము వర్ణింపరానిది. ఆ గ్రంథమునకు నభిలషితార్థచింతామణి యని రెండవపేరు. ఈ బోధనపద్ధతికిఁ బేరు పెట్టవలసివచ్చిన నేనాపేరునే పెట్టుదును.

స్పానిషుపాఠములు

నా విద్యార్థిని చెప్పిన స్పానిషుపాఠములును వీనివంటివే. వంటవిధానములందుఁ 'గోయఁబడును, కలుపఁబడును' అనుటకు 'సే' యను చిన్నమాటతోఁ జేయు ప్రయోగము మాటిమాటికి వచ్చును; పది వంటలు చదివినవాని కాప్రయోగము సూత్రము లేకయే పట్టువడును. బంతియాటవార్తలలో నిన్నఁ జరిగి ముగిసిన పనులను దెలుపు భూతకాలరూపము లుండును. ఆటలను జదువువాఁడు వానిని ముందుగా నేర్చును. కథలందు 'చేయుచుండెను' అను నర్థము గల మఱియొక భూతము మిక్కుటము. కావున నెవనికేది రుచియో చూచిన, వ్యాకరణమున నేభాగ మతనికి ముందు పట్టువడునో గురువు ముందే యూహింపవచ్చును. రుచి వేఱు, వ్యాకరణము వేఱు గావు. ఒక్కొక్క రుచికి నొక్కొక్క ద్వారము గలదు.

ఆమె శిష్యులలో నొకఁడు సెర్వాంతెసు రచించిన డాన్ కిహోటేను మొదటనే చదువఁగోరెను. ఆ గ్రంథము రెండుభాగములు 1605లోను, 1615లోను వెలువడెను. నాలుగువందలయేండ్లనాఁటి భాష గావునఁ గ్రొత్తవానికిఁ గొఱుకుడువడదు. వల దనిన వాని యుత్సాహము చచ్చును. సరే యనినఁ బుట దాఁటదు. ఆమె యొక్క ఘట్టమును, గాలిమరలను రాక్షసులని తలఁచి యతఁడు పైఁబడిన ఘట్టమును, సులభభాషలోఁ దిరిగి వ్రాసినదానిని ముందు చదివించి, పిదప మూలమునఁ గొన్ని పంక్తులను జూపించెనఁట. ఇది సరియైన తెఱఁగు. అభిలాషను ద్రోయరాదు, మెట్లు గట్టవలయును.

ఆగ్రంథమును సంస్కృతము తాఁకిన సంగతి యిచటఁ జెప్పక పోరాదు. 1930 దశకమున నొక అమెరికాదేశీయుని కోరికమీఁద, ఆరెల్ స్టెయిన్ పండితుని మధ్యవర్తిత్వమునఁ గాశ్మీరపండితులు నిత్యానందశాస్త్రి, జగద్ధర జాడూ అనువారు మొదటిభాగమునుండి యెనిమిది ప్రకరణములను సంస్కృతీకరించిరి. వారికి స్పానిషు రాదు. జార్విసు ఆంగ్లానువాదమును బట్టి చేసిరి. చాలకాలము వ్రాఁతప్రతిగానే యుండి యది 2019లో బూనానుండి ముద్రితమయ్యెను. ఆవార్త చెప్పినపుడు నా విద్యార్థిని కన్నులు వెలిఁగినవి. సంస్కృతము వచ్చి స్పానిషు నేర్చుచున్నవాని చేతి కాపుస్తకము నిచ్చిన నెంతటి పాఠ మగునో యూహింపుఁడు.

ప్రయోజనము వేఱు, రుచి వేఱు

ఇచట నొక భేదమును బాటింపవలయును. నిజామురాజ్యమున 1948 వఱకు నుర్దూ రాజభాష. నల్లగొండ, మహబూబునగరు జిల్లాల తెలుఁగుబిడ్డలు దాని నుద్యోగముకొఱకు నేర్చిరి. అది ప్రయోజనము, రుచి కాదు. ప్రయోజనముచేత నేర్చినభాష పని తీఱినంతనే జాఱిపోవచ్చును. మహబూబునగరు జిల్లాకుఁ జెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించినవారు. 1949లో నాంధ్రుల సాంఘికచరిత్రమును బ్రకటించిరి. వారికిఁ దెలుఁగు సంస్కృతములతోపాటు నుర్దూభాషయు వచ్చును. ఆ జిల్లావారే యైన బూర్గుల రామకృష్ణారావుగారు, 1952లో హైదరాబాదురాష్ట్రమునకు ముఖ్యమంత్రియైనవారు, పారశీకవాఙ్మయమును గూర్చి తెలుఁగున గ్రంథము రచించిరి. కచేరీభాషలుగా వచ్చినవి యిట్టివారియెడఁ గచేరీతో ముగియక గ్రంథము లయ్యెను. ప్రయోజనము శిష్యుని గుమ్మమువఱకుఁ దెచ్చును. లోపల నిలుపునది రుచియే.

బ్రౌనుదొరయు నట్టివాఁడే. 1817లో మద్రాసునకు వచ్చి యుద్యోగనియమముచేతఁ దెలుఁగు నేర్చెను. పండితులు పెద్దగా లెక్కింపని వేమనపద్యములు వాని మనస్సు నాకర్షించెను. 1829లో వానిని ముద్రించెను. 1852లో నిఘంటువును వెలువరించెను. వేమన వలదని కావ్యములే చదివించియుండిన నానిఘంటువు మనకు లభించియుండునా యని సందేహింపవలసియున్నది.

ఆక్షేపములు

ఇఁకఁ బూర్వపక్షములు. రుచి ననుసరించి చదివినవానికిఁ దన విషయమందలి పదములే వచ్చును, లోకమందలి తక్కినవి రావని మొదటి యాక్షేపము. ఇది నిజము. నేఁతగాఁడైన శిష్యునకుఁ దర్కము వచ్చియు 'జ్వరము' అనుపదము చాలకాలము తెలియలేదు. అందుచేత నాఱుమాసముల కొకసారి యతని విషయమునకుఁ బ్రక్కనున్న విషయమునకు జరుపవలయును: చేనినుండి వానకు, వాననుండి మేఘసందేశమునకు. రుచి పొలిమేర గాదు, గుమ్మము మాత్రమే.

వ్యాకరణము చెల్లాచెద రగునని రెండవది. ఇదియు నిజమే. దీనికై నేనొక పుస్తకమును గట్టించుదును. చదువునప్పుడు తగిలిన ప్రతిసూత్రమును సంఖ్యతో నందు వ్రాయవలయును. ఏఁడు గడచిన పిమ్మట వరదరాజు లఘుకౌముదిని దెఱచి, అందున్న సూత్రములలోఁ దగిలినవానికి గుఱుతు పెట్టుదుము. సగమునకుఁ బైగా గుఱుతులు పడియుండును. మిగిలినవానిని వరుసగాఁ జదివింతును. అప్పటికి శిష్యుఁడు ఖాళీలను దానే చూచును గావున వానిని నింపుకొనఁ గోరును. క్రమము తుదకు వచ్చినది గాని లోపింపలేదు.

తరగతియందు నలువదిమందికి నిది సాధ్యము గాదని మూఁడవది. అవును. ఇది యొక్కనికో యిద్దఱికో చెప్పు పద్ధతి. తరగతివారు దీనినుండి గ్రహింపవలసినది యొక్కటే: వారమున కొకదినము శిష్యుఁడు దా నెంచుకొన్నదానిని జదువనిండు.

గురువునకు శ్రమ యెక్కువ యని నాలుగవది. దీనికి నాకడ సమాధానము లేదు. వల్లింపఁజేయుట సులభము. వెదకి తెచ్చుట కష్టము. శిష్యునితో మాటాడవలయును, వాని చేనిని, మగ్గమును జూడవలయును, పాఠ్యమును ముందుగాఁ దాను చదివి పుటకు నైదాఱు క్రొత్తమాటలకు మించనిదానిని నేరవలయును. పదచ్ఛేదము, అన్వయము, విగ్రహము శిష్యునిచేతనే చేయింపవలయును. చదివినదానిని గూర్చి యతఁడు సొంతముగా రెండువాక్యములు చెప్పువఱకు విడువరాదు. ఇది నా యనుభవమునఁ దేలిన క్రమము. ఇంతకంటె మేలైనది పెద్దలు చెప్పినచో స్వీకరింతును.

మొన్న నా విద్యార్థిని మఱల వచ్చినపుడు, ఆముదమునకు స్పానిషున నేమందురని యడిగితిని. 'రిసీనో' యని చెప్పి, వెంటనే, "గురువుగారూ, మీకెందులకు?" అని యడిగినది. నాకడ నొకనాఁడు జవాబు దొరకక వెళ్లిపోయిన బాలుని సంగతి నాకంఠమువఱకు వచ్చి నిలిచినది. చెట్టు పేరడిగినవానికిఁ జెట్టు పేరు చెప్పుటయే గురువు మొదటిపని. శబ్దమంజరి దానివెనుక రావచ్చును. భాషాధ్యాపకులు దీనిని విచారింతురుగాక.